బెరెండ్ చూసిన తెలుపు

బెరెండ్ వోల్తౌస్ ఇంట్లో ఎవరైనా పోతే మొదట రంగంలోకి దిగాల్సింది నేను. ట్వెంటేలో మా వైపు పల్లెల్లో అదే పద్ధతి. గోడ పక్కింటివాళ్ళే మొదటి పొరుగు. చావొచ్చిన ఇంటివాళ్ళు కూర్చుని ఏడ్చుకుంటే చాలు. వీధికి కబురు పెట్టడం, రొట్టెలకు వెన్న రాయడం, కాఫీ కాయడం, శవపెట్టె మోసే మనుషుల్ని కుదర్చడం, అన్నీ మొదటి పొరుగే చూసుకోవాలి. మా ఇంట్లో చావొస్తే ఇదంతా బెరెండ్ చేస్తాడు. వాళ్ళింట్లో వస్తే నేను చేస్తాను. నలభయ్యేళ్ళుగా ఒకరి కోసం ఒకరం సిద్ధంగానే ఉన్నాం. ఇంతవరకూ ఎవరూ అవకాశం ఇవ్వలేదు.

అందుకే ఆ గురువారం జరిగిన గందరగోళానికి నన్ను ఎవరూ ఒక్క మాట అనడానికి లేదు. తప్పంతా ఒక లైటుది.

బెరెండ్ ఇళ్ళకు రంగులేసే మనిషి. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. పధ్నాలుగో ఏట బ్రష్షు పట్టాడు. పని మానేశాక కూడా వీధిలో ఎవరి తలుపు పెచ్చులూడినా పిలవకుండానే డబ్బా పట్టుకుని వచ్చేస్తాడు. తెలుపులో పదిహేడు రకాలున్నాయంటాడు. పాల తెలుపు, సున్నం తెలుపు, గుడ్డుపెంకు తెలుపు, ఇలా చెప్పుకుపోతాడు. ఒకసారి మా ఆయన లేఫెర్ట్ కొత్త చొక్కా వేసుకుంటే, మా ఇంట్లోనే కూర్చుని నా కాఫీ తాగుతూ, "దీన్ని తెలుపని ఎవడమ్మాడు నీకు? ఇది మేక తెలుపు" అనేసి వెళ్ళిపోయాడు. మాకు ఇలాంటివి పట్టింపు లేదు. ముక్కు ఎర్రగా ఉంటే ఎర్రగా ఉందనే అంటాం. సూపులో ఉప్పెక్కువైతే వండినమ్మ ఎదురుగానే చెంచా కింద పెడతాం. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి అనడం మాకు చేతకాదు. చేతకాదనే నేనూ అనుకునేదాన్ని.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, అక్వేరియం. ముందుగదిలో, వీధి కిటికీ పక్కనే, రెండు మీటర్ల పొడుగు గాజుతొట్టి. అందులో చేపలు ఏదో పేరుకి ఉంటాయి. ఆయన ప్రాణమంతా మొక్కల మీదే. పొట్టివి ముందు, పొడుగువి వెనక, లేతాకుపచ్చ పక్కన ముదురెరుపు, మధ్యలో వీధుల్లాగా సందులు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి మంగళవారం కత్తెరతో ఒక్కో కొమ్మా తుంచి సరిచేస్తాడు. వీధిన పోయేవాళ్ళందరూ దాన్ని చూసుకుంటూనే పోతారు. మా దగ్గర పగటిపూట కిటికీ తెరలు ఎవరూ మూయరు. దాచుకోవడానికి ఏముందని? దారినపోయేవాడు లోపలికి చూసి చెయ్యూపుతాడు, మనం కాఫీ కప్పు పైకెత్తుతాం. పట్టపగలు తెరలు మూశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క.

ఆయనదొక అక్వేరియం సంఘం ఉంది. ఏటా శరత్కాలంలో సంఘం న్యాయనిర్ణేత ఇంటింటికీ వచ్చి, తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని మార్కులేస్తాడు. మొదటివచ్చినవాడి తొట్టిని దేశం మొత్తం పోటీకి పంపుతారు. బెరెండ్ ఎప్పుడూ రెండోవాడో మూడోవాడో. సభ్యులు ఒక్కొక్కరే ముసలివాళ్ళై తప్పుకున్నారు. అప్పటికి ఏడుగురు సభ్యులు, మూడు తొట్లు మిగిలాయి. ఆ ఏడాదితో సంఘం మూసేస్తున్నారు. అంటే ఆ శనివారం పదింటికి జరిగేదే ఆఖరి పోటీ.

"ఒక్కసారి ఆ పై పోటీకి వెళ్ళాలి హెర్మీన్," అన్నాడు నాతో. "ఒక్కటంటే ఒక్కసారి. ఆ తర్వాత ఆ తొట్లో బంగాళాదుంపలు పోసుకున్నా నాకు బాధలేదు."

సరిగ్గా అప్పుడే ఆయన ట్యూబులైటు మాడిపోయింది. అలాంటి ట్యూబులు తయారుచేయడమే మానేశారట. ఇక ఎల్ఈడీ కొనాల్సిందే. పట్నంలో దుకాణంవాడు పాత పరిచయం కొద్దీ నాలుగు రకాలు చేతికిచ్చి, "నచ్చింది ఉంచుకో, మిగతా మూడూ శుక్రవారానికి తెచ్చెయ్యి" అన్నాడు. బెరెండ్‌కి అది చాలు. కిటికీలోంచి ఎండ పడితే లైటు అసలు రంగు తేలదని సోమవారం పొద్దున్నే తెరలు లాగేశాడు. అంచులకు టేపు కూడా అతికించాడు. అది చూసి ఆయన భార్య డీనీ, "గబ్బిలంతో కాపరం నావల్ల కాదు" అని, చెల్లెలు కారేసుకొస్తే అందులో ఎక్కి వెళ్ళిపోయింది. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. పైగా ఆ మహాతల్లి ఫోను వంటింట్లో మర్చిపోయింది.

ఇప్పుడు నా వైపు నుంచి చూడండి. సోమవారం తెరలు మూసి ఉన్నాయి. తెరలు ఉతికి, ఆరడానికి అలా పరిచారేమో అనుకున్నాను. మంగళవారమూ మూసే ఉన్నాయి. డీనీ కనిపించలేదు, ఆమె సైకిలు మాత్రం షెడ్డులోనే ఉంది. బుధవారం ఫోను చేస్తే ఆ మోత వాళ్ళ వంటింట్లోంచే వినిపించింది, ఎవరూ ఎత్తలేదు. వెళ్ళి బెల్లు కొట్టాను. చాలాసేపటికి చీకటిలోంచి బెరెండ్ గొంతు వచ్చింది.

"ఇప్పుడు కాదు హెర్మీన్. కాసేపు నన్నిలా వదిలెయ్యి."

"బెరెండూ, డీనీ ఏదీ?"

"డీనీ లేదు. నేనిప్పుడు తలుపు తియ్యలేను. వెళ్ళమ్మా."

తలుపు తీస్తే వెలుతురు పడి, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయని ఆయన బాధ. నాకేం తెలుసు? తలుపు అవతల భార్య శవం పక్కన కూర్చున్న ముసలివాణ్ణే నేను ఊహించుకున్నాను. ఇంటికొచ్చి బావురుమని ఏడ్చాను. మా డీనీ! పోయిన వారమే నా యాపిల్ కేకు అట్టముక్కలా ఉందని అన్నది. ఇక అలా ఎవరంటారు నాతో?

గురువారం పొద్దున తొమ్మిదింటికి నల్లబట్టలు కట్టుకుని, మా ఇంటి తెరలు మూసేశాను; వీధిలో ఎవరు పోయినా సంతాపంగా మిగతా ఇళ్ళూ మూయడం మా ఆచారం. పదకొండు ఇళ్ళకూ కబురు చెప్పాను. పదింటికల్లా వీధి మొత్తం తెరలు మూసుకుంది. ఎదురింటి యెన్నెకె అరవై రొట్టెలకు బేకరీలో చెప్పి, పంది మాంసం, జున్ను తెప్పించింది. లేఫెర్ట్ నల్లకోటు తగిలించుకుని, కుర్చీల కోసం ఊరి హాలుకు వెళ్ళాడు. పని ఎంత చక్కగా సాగిందంటే, అంత దుఃఖంలోనూ నాకు కాస్త తృప్తిగా అనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను.

ఆ సమయంలో బెరెండ్ ఊపిరి తీసుకుందామని తెర అంచు టేపు ఊడదీసి బయటికి చూశాడు. వీధి వీధంతా మూసి ఉంది. అన్నిటికన్నా ముందు కంటబడ్డది మా ఇల్లు, చావు మాదే అనుకున్నాడు. మొదటి పొరుగు తనే కదా! బీరువాలోంచి నల్లసూటు లాగి తొడుక్కుని పరిగెత్తుకొచ్చాడు.

తలుపు తీశాను. ఎదురుగా బెరెండ్. ఒంటినిండా కలరా ఉండల కంపు, కళ్ళనిండా నీళ్ళు. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"హెర్మీన్! నాకు ఒక్క మాట చెప్పొద్దూ?"

"నువ్వే కదయ్యా తలుపు తియ్యలేదు!" అని నేనూ ఏడుస్తూనే అన్నాను. "ఎలా జరిగింది? ఎప్పుడు?"

"నన్నడుగుతావేంటి? నువ్వే చెప్పాలి. బాధపడ్డాడా పాపం?"

"ఎవరు బాధపడటం?"

"లేఫెర్టేనమ్మా! అంత మంచి మనిషి! చొక్కా విషయంలో నేనన్న మాట మనసులో పెట్టుకునే పోయాడేమో!"

అప్పుడే వీధి మలుపులో లేఫెర్ట్ కనిపించాడు, తోపుడుబండి మీద ఇరవై కుర్చీలు పేర్చుకుని, ఎవరినో తిట్టుకుంటూ తోసుకొస్తున్నాడు. బెరెండ్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు.

"తన చావుకి కుర్చీలు తనే మోస్తున్నాడేంటి?"

"నీ పెళ్ళాం చావుకయ్యా అవి!"

"డీనీకేమైంది? చెల్లెలింట్లో దుక్కలా ఉందే! పొద్దున్నే చెల్లెలి ఫోను నుంచి నన్ను తిట్టింది కూడా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా ఏడుపు, పదకొండు ఇళ్ళ తెరలు, అరవై రొట్టెలు! నడివీధిలో నిలబెట్టి దులిపేశాను. లైటు కోసమని ఆయన చెప్పేసరికి ఇంకా మండింది. కానీ రొట్టెలు వచ్చేశాయి. వెన్న రాయడమూ అయిపోయింది. చావు లేదని రొట్టెలు పారేసే జాతి కాదు మాది. యెన్నెకె లెక్క తేల్చేసింది: "మొదట తెరలు మూసింది ఆయన ఇల్లు. నల్లబట్టల్లో ఉన్నది మనం. పదండి, అక్కడే తినేద్దాం."

అలా ఇరవై ఇద్దరం నల్లబట్టలు కట్టుకుని, తలా ఒక కాఫీ కప్పు, ఒక రొట్టె పట్టుకుని, బెరెండ్ చీకటి గదిలో తొట్టి చుట్టూ వరసలుగా కూర్చున్నాం. ఆయన ఉత్సాహం చూడాలి! సూటులోనే నిలబడి ఒక్కో లైటూ వేస్తూ పోయాడు.

మొదటిది వేయగానే తొట్టి పసుపుపచ్చగా వెలిగింది. "వెన్న రాసినట్టుంది" అన్నాడు లేఫెర్ట్. రెండోది వేశాడు. గదిలో అందరూ ఒక్కసారి "ఆ!" అన్నారు. ఆకుపచ్చ ఆకుపచ్చలాగా, ఎరుపు ఎరుపులాగా, నీళ్ళు గాలంత తేటగా ఉన్నాయి. ఇదే, ఇదే, ఇంక మిగతావి వేయనే వద్దని అరిచారు. బెరెండ్ మొహం ముడుచుకున్నాడు. "పలచటి టీ పోసినట్టుంటే ఇదే అంటారేంటి?" మూడోది వేశాడు, అదీ ఆయనకు నచ్చలేదు. నాలుగోది వేసి, రెండు చేతులూ చాపి వెనక్కి తిరిగాడు.

గది మొత్తం నీలంలో మునిగిపోయింది. ఎర్రమొక్కలు నల్లగా మాడిపోయినట్టయ్యాయి. ఇరవై ఇద్దరి మొహాలూ కాలవలోంచి బయటికి తీసిన శవాల్లా ఉన్నాయి. నా చేతిలోని పంది మాంసం రంగు చూసి తినబుద్ధి కాక పక్కన పెట్టాను.

"ఇదీ తెలుపంటే!" అన్నాడు బెరెండ్. గొంతులో ఎంత సంబరమో! "అరవయ్యేళ్ళుగా తెలుపు చూస్తున్నవాణ్ణి. నాకు చెప్పొద్దు. శనివారం ఇదే ఉంటుంది."

సూపు బాగోలేదని పెళ్ళిలో లేచి నిలబడి చెప్పే యెన్నెకె కూడా కప్పులోకి తల వంచేసింది. ఎందుకంటే ఆ గదిలో ఉన్న అందరికీ ఆరేళ్ళుగా ఒక సంగతి తెలుసు. తెలియనిది ఆయనకొక్కడికే.

ఆరేళ్ళ కిందట మా వీధి తలుపు తెలుపు మాసిపోతే ఆయనే వచ్చి మళ్ళీ వేశాడు. వేశాక రెండడుగులు వెనక్కేసి, "చూడు, తెల్లగౌనులో కొత్త పెళ్ళికూతురిలా ఉంది" అన్నాడు. లేత నీలంగా ఉంది. ఆ మొహంలో సంతోషం చూసి, జీవితంలో మొదటిసారి మాట మింగేశాను. "బాగుంది" అన్నాను. తర్వాత యెన్నెకె కిటికీ చెక్కలు ఇంకాస్త నీలం. నిరుడు బ్యాండువాళ్ళ మంటపం ఆకాశమంత నీలం. ఏటేటా ముదురుతూ వచ్చింది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "రంగులవాడికి కంటి డాక్టరా!" అని కసురుకునేవాడు. చివరింటికి కొత్తగా వచ్చిన పడుచు జంట, ఇది ఈ వీధి ఆచారం కాబోలనుకుని, తమ తలుపుకి తామే నీలం వేసుకున్నారు. ఊళ్ళోవాళ్ళు మాది నీలివీధి అనడం మొదలుపెట్టారు. బెరెండ్ ఎదురుగా మాత్రం ఎవరూ అనేవారు కాదు.

కానీ ఆ నీలం లైటు పెడితే శనివారం ఆయన పని అయిపోయినట్టే. ముప్ఫై ఒక్క ఏళ్ళ చాకిరీ ఒక్క పూటలో మట్టి కొట్టుకుపోతుంది. చెప్పకపోతే ఓడిపోతాడు. చెబితే ఏమవుతాడో నాకు తెలియదు. అందరూ నా వైపే చూస్తున్నారు. మొదటి పొరుగుని కదా.

లేచి నిలబడ్డాను. "బెరెండూ, మా తలుపు ఏ రంగు?"

"తెలుపు. నేనే కదా వేసింది."

"కాదు. నీలం."

నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు అలాగే మొహం మీద ఆగిపోయింది. ఒక్కొక్కరి వైపూ తిరిగి చూశాడు.

"యెన్నెకె కిటికీలు?" అన్నాడు మెల్లగా.

"అవీ నీలమే."

"మంటపం?"

"అది మరీ నీలం బెరెండూ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఆ క్షణంలో నా నాలుక కోసుకోవాలనిపించింది. ఆ మనిషికి ఉన్న ఆస్తి ఆ కళ్ళే. వాటిని ఇరవై ఇద్దరి ముందు నేను లాక్కున్నాను.

మెల్లగా లేచాడు. నీలం లైటు ప్లగ్గు పీకేశాడు. చీకట్లో తడుముకుంటూ రెండోది పెట్టి వెలిగించాడు. మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు. ఆయన మాత్రం పాచిపోయిన నీళ్ళని చూస్తున్నట్టు చూశాడు.

"మీకు ఇదేనా బాగుంది? ఒట్టు?"

"ఒట్టు" అన్నాం అందరం ఒకేసారి.

"సరే. నాకు టీ లాగే ఉంది. ఉండనివ్వండి" అన్నాడు. ఆ తర్వాత రొట్టె తీసుకుని తిన్నాడు.

డీనీ మర్నాడు దిగింది. వాకిట్లో ఎవరో పెట్టిపోయిన పూలగుత్తి, దాని మీద తన పేరుతో సంతాపం కార్డు చూసి, "చేతిరాత బాగుంది" అని అలమరలో పెట్టుకుంది. సంగతంతా విని నన్ను అడిగిన మొదటి మాట, "నాకోసం కేకు నువ్వు చేయలేదుగా?"

శనివారం న్యాయనిర్ణేత టెర్ హోర్స్ట్ గారు వచ్చారు. ఎండుచేప లాంటి మనిషి, మార్కులు గోటితో గీకి ఇచ్చే రకం. అరగంట తొట్టి ముందు నోరు మెదపకుండా కూర్చున్నారు. బెరెండ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిటికీ బయట మేమంతా నిలబడ్డాం. ఈసారి తెరలు బార్లా తీసి ఉన్నాయి.

"వోల్తౌస్ గారూ," అన్నారాయన చివరికి, "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను మీ తొట్టిని. ఈ ఎరుపు ఎప్పుడూ చూడలేదు. ఈ లైటు ఎలా ఎంచుకున్నారు?"

బెరెండ్ తొట్టి వైపు చూశాడు. ఆయన కంటికి అందులో ఎరుపూ లేదు, పాడూ లేదు.

"ఇరుగుపొరుగుని అడిగానండీ" అన్నాడు.

మూడు తొట్లలో మొదటిదని రాసిచ్చి వెళ్ళారు. దేశం మొత్తం పోటీలో పద్దెనిమిదో స్థానం వచ్చింది. ఆ కాగితం డీనీ సంతాపం కార్డు పక్కనే ఉంది.

ఫిబ్రవరిలో కుడికన్నుకి, మార్చిలో ఎడమకన్నుకి శుక్లాలు తీయించుకున్నాడు. అవి కళ్ళకి పసుపు తెరలా కమ్మితే, తెలుపు మాసినట్టు కనిపించి ఇన్నాళ్ళూ అందులో నీలం కలుపుకుంటూ పోయాడట. ఏప్రిల్‌లో ఒక పొద్దున బెల్లు మోగితే తలుపు తీశాను. బెరెండ్ నిచ్చెన, డబ్బాలు, బ్రష్షులు కింద పెట్టి తలుపు వైపు గుచ్చి చూస్తున్నాడు.

"హెర్మీన్, నీ తలుపు నీలంగా ఉంది" అన్నాడు, నాకేదో కొత్త వార్త చెబుతున్నట్టు.

"అలాగా?"

"ఏ దరిద్రుడు వేశాడు దీన్ని?"

"అలా అనకు. మంచి పనివాడేలే. అప్పుడు ఒంట్లో బాగాలేదు, పాపం."

ఆయన అరచేత్తో తలుపు నిమిరాడు. "పూత గట్టిదే. ఒక్క పెచ్చు ఊడలేదు." తలుపు మీంచి చెయ్యి తీసి, "ఆరేళ్ళూ దీన్ని చూస్తూ ఊరుకున్నావా?" అన్నాడు.

"రోజుకి పదిసార్లు చూశాను."

తల ఊపి, తెల్లరంగు డబ్బాలు రెండు తెరిచి, కర్రతో కలపడం మొదలుపెట్టాడు. కలుపుతూ కలుపుతూ తలెత్తి నా వైపు చూసి ఆగిపోయాడు.

"నీ జుట్టు తెల్లబడిపోయిందేంటి? ఇంకా గడ్డిరంగే అనుకుంటున్నానే నేను!"

"పదేళ్ళయింది బెరెండూ."

"ఎవరూ చెప్పలేదే!" అన్నాడు కోపంగా. తర్వాత దగ్గరికొచ్చి, కళ్ళు చిట్లించి, నా తలని గోడని చూసినట్టు చూశాడు. "గుడ్డుపెంకు కాదు. పాలూ కాదు. ఇది నా పదిహేడులో లేదు. ఎండలోకి వచ్చి నిలబడు, కదలకు."

నేను గుమ్మంలో అరగంట కదలకుండా నిలబడ్డాను. ఆయన నా జుట్టు చూస్తూ, ఒక చుక్క ఇందులోంచి, ఒక చుక్క అందులోంచి వేస్తూ రంగు కలిపాడు. మా తలుపు ఇప్పుడు ఆ రంగులోనే ఉంది.